నవ్వినప్పుడు పదకొండు మిల్లీమీటర్లు

మే నెల మొదటి సోమవారం, ఉదయం ఎనిమిదింబావుకి రిపోర్ట్ చేశాను. ఆస్పత్రి పాత బ్లాకు, మొదటి అంతస్తు, వరండా చివరి గది. ఆ వేళకే గోడ వేడెక్కింది. ఒకటే ఫ్యాను. మూడో నంబరు దాటితే ఊగుతుంది. ఉత్తరం వైపు కిటికీ, దానికి ఎదురుగా ఎత్తు మార్చుకునే కుర్చీ. కుర్చీకి కాస్త ముందు నేల మీద పసుపు రంగు టేపు అంటించి ఉంది.

"ఈ టేపేంటండీ?" అని అడిగాను.

"మాట్లాడుకునే దూరం," అన్నాడు అటెండరు. "ఇద్దరు మనుషులు నిలబడి కబుర్లు చెప్పుకునేంత. అక్కణ్ణించి కనపడితే మచ్చ. కనపడకపోతే వాడి అదృష్టం."

నాకు ఆ గదిలో మొదటి ఆర్డరు ఇచ్చింది అతనే. రెండోది, స్టూలు కిటికీకి అడ్డం పెట్టొద్దని.

సైన్యంలో పందొమ్మిదేళ్ళు చేశాను. నర్సింగ్ అసిస్టెంటుని. హవల్దారుగా బయటికి వచ్చాను. మా ఊళ్ళో వాళ్ళు నన్ను ఎప్పుడూ సరిహద్దు గురించే అడుగుతారు. మంచు ఎంత లోతు, తూటా ఎంత దగ్గరగా పోయింది, నిద్ర ఎలా పట్టేది. వాటికి జవాబులు చెప్పడం తేలిక. మంచు మోకాలి దాకా ఉండేది, నిద్ర పట్టేది కాదు. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి డ్యూటీ గురించి. అది విజయవాడలో రెండేళ్ళ కాంట్రాక్టు. దెబ్బలు తిన్నవాళ్ళ మొహాల్ని కోర్టుల కోసం కొలవడం నా పని. అలసట అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

మేం నలుగురం. ప్లాస్టిక్ సర్జరీ డాక్టరమ్మ, ఫోటోగ్రాఫరు, అటెండరు, నేను. నిర్ణయం డాక్టరమ్మది. చూసేది ఆవిడ, సంతకం ఆవిడది. కొలిచి అంకె చెప్పేవాణ్ణి నేను. నా సామాను ఒక అల్యూమినియం డబ్బాలో పట్టేది. స్టీలు స్కేలు, సందు కొలిచే కాలిపర్, గుడ్డ టేపు, టార్చి, దూది, గళ్ళ షీటు. ఆ షీటు నేను తయారుచేసుకున్నదే. పాత ఎక్స్‌రే ఫిల్ముని బ్లీచింగులో కడిగితే అద్దంలా తేలుతుంది. దాని మీద సూదితో గళ్ళు గీశాను. మచ్చ మీద పరిచి గళ్ళు లెక్కపెట్టాలి. సగానికి మించి నిండిన గడి ఒకటి, సగం లోపు నిండింది సున్నా. పదో తరగతి తర్వాత నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు. ఫీల్డు ఆస్పత్రిలో కాలిన మనిషి వచ్చాడంటే ఒళ్ళు ఎంత శాతం కాలిందో తేల్చి, సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్కగట్టాలి. అవసరం కొద్దీ నేర్చుకున్నాను. మనిషిని భాగాలుగా చూడటం అప్పటి నుంచీ అలవాటు.

చట్టం సంగతి మామూలు మాటల్లో చెబుతాను. ఒక మనిషి ఇంకో మనిషిని కొట్టాడు. దెబ్బ మానింది. మచ్చ మిగిలింది. అది మొహాన్ని శాశ్వతంగా వికృతం చేసిందని డాక్టరు రాస్తే తీవ్ర గాయం. లేకపోతే సాధారణ గాయం. కొట్టినవాడు ఇంటికి పోతాడా, జైలుకి పోతాడా అన్నది చాలాసార్లు ఈ రెండు మాటల మీదే ఆధారపడుతుంది. అందుకే పచ్చి మచ్చని కొలవం. ఎరుపు తగ్గాలి, గట్టిదనం తగ్గాలి, రంగు నిలవాలి. ఆరు నెలలైనా ఆగమంటుంది డాక్టరమ్మ. ఆ ఆరు నెలల్లో కొట్టినవాళ్ళూ తిన్నవాళ్ళూ చాలామంది కలిసిపోతారు. కేసు మాత్రం కలవదు. అది పోలీసులది.

మనవాళ్ళకో అలవాటుంది. ప్రభుత్వాఫీసుకి వెళ్తున్నామంటే ఇస్త్రీ బట్టలు కట్టుకుని, మొహానికి పౌడరు రాసుకుని వస్తారు. మచ్చ ఉన్నచోట ఇంకో పొర వేస్తారు. గాయం చూపించడానికి వస్తూ గాయాన్ని కప్పుకుని రావడం. మొదట్లో వింతగా ఉండేది. తర్వాత తడి దూది చేతిలో పట్టుకునే నిలబడేవాణ్ణి. ఎవరొచ్చినా నా మొదటి మాట ఒకటే. "కొంచెం పౌడరు తీసేస్తానండీ."

ఫోటోగ్రాఫరుది ఇంకో జబ్బు. కృష్ణా జిల్లా పెళ్ళిళ్ళన్నీ తీసినవాడు. మొహం కనపడితే అతని చెయ్యి ఊరుకోదు. చేరిన మొదటి వారంలోనే ఒకమ్మాయి గడ్డం కింది మచ్చని కంప్యూటర్లో నున్నగా దిద్ది తెచ్చాడు.

"బాబూ, మచ్చేదయ్యా?" అంది డాక్టరమ్మ.

"కొంచెం టచింగ్ చేశా మేడమ్. పెళ్ళి కావాల్సిన పిల్ల కదా!"

"ఇది సంబంధాలకి పంపే ఫోటో కాదు. మచ్చ వెనక్కి తీసుకురా."

ఇంటర్‌కమ్ నా టేబులు మీద ఉండేది. కింద ఓపీ నుంచి అటెండరు మనుషుల్ని పంపేవాడు. "ఇద్దరొస్తున్నారు. ఒకళ్ళు చెవి, ఒకళ్ళు ముక్కు." నేను సైన్యం వైర్‌లెస్ అలవాటు కొద్దీ "రోజర్, ఓవర్" అనేవాణ్ణి. డాక్టరమ్మ తల ఎత్తకుండానే అనేది, "హవల్దారు గారూ, ఓవర్ అనక్కర్లేదు. ఫోను పెట్టేస్తే చాలు."

రోజుకి పది, పన్నెండు మొహాలు చూసేవాళ్ళం. చెరుకు రసం మిషన్లో జుట్టు చిక్కుకున్న ఆవిడ. పొలం గట్టు తగాదాలో పార తగిలిన ముసలాయన. సీసా పగలగొట్టి పొడుచుకున్న స్నేహితులు. వాళ్ళయితే ఒకే ఆటోలో వచ్చారు. సాయంత్రం బందరు రోడ్డు మీద బస్సుకి నిలబడితే, పక్కవాళ్ళ మొహాల మీద కూడా నా కళ్ళు మచ్చల అంచులు వెతికేవి. ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ, "నా మొహం అట్టా చూడమాకండి, కొలుస్తున్నట్టుంది," అనేది.

రెండో ఏడు ఎండాకాలం ముగిసి, కాలవలకి నీళ్ళు వదిలిన రోజుల్లో వీరభద్రం వచ్చాడు. చల్లపల్లి అవతల ఒక ఊళ్ళో మగ్గం నేస్తాడు. వయసు నలభై దాటి ఉంటుంది. వెంట భార్య. చొక్కా తెల్లగా ఉంది. పౌడరు లేదు. పౌడరు రాసుకోవడానికి చోటూ లేదు. బుగ్గల మీద నుంచి ఛాతీ దాకా గడ్డం.

కేసు కాగితంలో ఉన్నది ఇంతే. అన్నదమ్ములిద్దరివీ పక్కపక్క మగ్గాలు. పని మధ్యలో మాటా మాటా పెరిగింది. తమ్ముడు శేషు చేతిలో ఉన్న నాడె విసిరాడు. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే చెక్క పడవ. రెండు కొసలకీ ఉక్కు ముక్కు ఉంటుంది. ఆ ముక్కు అన్న ఎడమ చెంపని చెవి దగ్గర నుంచి నోటి దాకా చీల్చింది. రక్తం చూసి భార్య పోలీసుల దగ్గరికి పరిగెత్తింది.

"గడ్డం తీస్తేగానీ కొలవలేమండీ," అన్నాను.

"కొండ మొక్కండీ," అన్నాడు వీరభద్రం. "స్వామి సన్నిధిలోనే తియ్యాలి. ఇక్కడ కత్తి తగలకూడదు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మొక్కు ఎప్పుడు తీరుస్తారు?"

"ఆయన పిలిచినప్పుడండీ."

"ఆయన పిలిచేలోపు కోర్టు పిలుస్తుంది, వీరభద్రం గారూ."

"ఆయన కంటే కోర్టు పెద్దదేం కాదు కదమ్మా," అన్నాడు, ఎంతో వినయంగా.

అతను మాట్లాడుతుంటే గమనించాను. పెదాలు సరిగ్గా తెరవడు. మాటలు పళ్ళ మధ్య నుంచి జారేవి. ఇష్టం లేని మనిషికి గడ్డం గీసే అధికారం మాకు లేదు. మూడు వారాలు వాయిదా రాసింది డాక్టరమ్మ. అతను సంతకం పెట్టడానికి అటెండరు వెంట వెళ్ళాడు. భార్య ఉండిపోయింది.

"మొక్కు నిజమేనమ్మా," అంది. "కానీ దెబ్బ మానాలని మొక్కలేదు. మీరు చూడకుండా ఉండాలని మొక్కాడు."

డాక్టరమ్మ తన కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది.

"లాయరుగారు చెప్పారంట, చిన్న దెబ్బని రాస్తే జరిమానాతో పోవచ్చు, పెద్దదని రాస్తే మా మరిదికి ఏళ్ళ తరబడి జైలని. వాడికి నిరుడే పెళ్ళయింది. మా అత్త పోయాక వాణ్ణి పెంచింది ఈయనే. కేసు పెట్టింది నేను. ఆ రోజు నాకు ఇంకేం తోచలేదు. ఇప్పుడు ఇంట్లో నాతో ఇద్దరూ బానే ఉంటారు. అది ఇంకా కష్టంగా ఉంది."

"మీరేం రాయమంటారు?" అని డాక్టరమ్మ అడిగింది.

"నన్నడగమాకండమ్మా. ఒక్కటి చెప్తాను. ఆరేడు నెలల నుంచీ ఈయన నవ్వట్లేదు."

మూడు వారాల తర్వాత బుధవారం, పది దాటాక ఇంటర్‌కమ్ మోగింది.

"గుండు ఒకటి వస్తోంది," అన్నాడు అటెండరు. "వెనక ఇంకో గుండు కూడా ఉంది."

"రోజర్," అన్నాను. ఓవర్ అనలేదు.

వీరభద్రం తల నున్నగా ఉంది. దాని మీద గంధం ఎండి పొరలు పొరలుగా లేస్తోంది. గడ్డం లేదు, మీసం లేదు. గుమ్మం బయట పాతికేళ్ళ కుర్రాడు, అతనిదీ గుండే. బండి తాళాలు వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు.

"మీరెవరు?" అన్నాను.

"తమ్ముణ్ణండీ. శేషుని." తాళాలు తిప్పడం ఆపి, "కొట్టినోణ్ణి," అన్నాడు.

"లోపలికి రాకూడదు."

"తెలుసండీ. నేనే కొండకి తీసుకెళ్ళా. అన్నయ్య గడ్డమేసుకుని తిరుగుతుంటే ఊళ్ళో అందరూ నన్నే చూస్తన్నారు. కోర్టోళ్ళు అన్నయ్య మీద కేకలేస్తారేమోనని భయం. ఏదైతే అదవుద్దిలెండి. చూసి రాసెయ్యండి."

గుమ్మానికి తలుపు లేదు, ఆకుపచ్చ తెర ఒక్కటే. దాన్ని లాగాను. కమ్మీ మీద చప్పుడు చేస్తూ వచ్చింది.

కిటికీ వెలుగు బాగుంది. మబ్బు పట్టిన రోజు మచ్చ అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. పసుపు టేపు దగ్గర నిలబడి చూశాను. ఏం కనిపించలేదనే చెప్పాలి. ఆశ్చర్యపోయాను. కుట్లు వేసిన చెయ్యి మంచిది. మచ్చ చెంప మడతలో కలిసిపోయింది. దగ్గరికి వెళ్ళి మచ్చ రెండు కొసల దగ్గరా, మధ్యలో రెండు చోట్లా ఊదారంగు మార్కరుతో చుక్కలు పెట్టాను. గుడ్డ టేపు పరిచాను. పొడవు తొమ్మిది సెంటీమీటర్లు. వెడల్పు ఎక్కువున్న చోట రెండు మిల్లీమీటర్లు. ఉబ్బు లేదు. రంగు తేడా స్వల్పం. నోటి రెండు కొసల ఎత్తులో తేడా రెండు మిల్లీమీటర్లు. అంత తేడా చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది. నేను అంకెలు చెబుతుంటే డాక్టరమ్మ రాసుకుంది.

"కళ్ళు గట్టిగా మూయండి," అంది. మూశాడు.

"బుగ్గలు పూరించండి." పూరించాడు, తక్కువగా.

"నవ్వండి."

పెదాలు కొద్దిగా కదిలాయి. రెండు వైపులా సమానంగా, పొదుపుగా.

"ఇంకొంచెం."

"నాకు ఇంతేనండీ. మొదటి నుంచీ నవ్వు తక్కువ."

డాక్టరమ్మ అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత కాగితం మీదికి వంగింది. ఆవిడ ఏం రాయబోతోందో నాకు తెలుసు. వీరభద్రానికి కూడా తెలిసినట్టుంది. కుర్చీ చేతుల మీద అతని వేళ్ళ పట్టు సడలింది.

తెర అవతల, ఓపీ నుంచి పైకొచ్చిన అటెండరు గొంతు వినిపించింది. "ఏవయ్యా, మీ అన్న నవ్వనే నవ్వడంటగా?"

"మా అన్నా?" శేషు గొంతు గట్టిగానే వచ్చింది. "నవ్వకపోవడమేంటండీ బాబూ! మొన్న కొండ నుంచొస్తా ఉయ్యూరు బస్టాండులో దిగామా. గుండు, దాని మీద గంధం. ఒక ముసలామె ఈయన్ని స్వామీజీ అనుకుని కాళ్ళ మీద పడిపోయింది. మా గేదె ఎప్పుడు ఈనుద్ది స్వామీ అనడిగింది. ఈయన కాదని చెప్పొచ్చుగా? కళ్ళు మూసుకుని, వేళ్ళు లెక్కబెట్టి, మంగళవారం అన్నాడండీ! నిన్నే మంగళవారం. ఆ గేదె ఈనిందో లేదో, పొద్దున్నుంచీ బస్టాండు వైపు పోవాలంటే ఇద్దరికీ హడలు!"

"మంగళవారం కాదురా," అన్నాడు వీరభద్రం కుర్చీలోంచి. "బుధవారం అన్నాను. ఇంకా ఇవాళంతా ఉంది."

అని నవ్వాడు.

అది ఆపుకోలేక వచ్చిన నవ్వు. కుడి చెంప లేచింది, కుడి కన్ను చిన్నదైంది, పళ్ళు కనిపించాయి. ఎడమ చెంప లేవలేదు. మచ్చ పొడవునా చర్మం లోపలికి తాడులా ముడిపడింది. పెదవి కొస కిందికి జారింది. ఎడమ కన్ను చిన్నది కాలేదు, అలాగే తెరుచుకుని ఉంది. అందరికీ ఉండే మొహం ఒక్క క్షణంలో ఎవరిదీ కాని మొహం అయిపోయింది. చర్మం మానింది గానీ, లోపల ముఖనరం కొమ్మ తెగింది.

డాక్టరమ్మ తల వంచి రాస్తోంది. ఫోటోగ్రాఫరు లెన్సు తుడుచుకుంటున్నాడు. చూసింది నేనొక్కణ్ణే. నేను నోరు మెదపకపోతే కాగితం మీద సాధారణ గాయం. సెంట్రీగా నిలబడ్డవాడు కనిపించింది చెప్పాలి. కనిపించిందాని బాగోగులు ఆలోచించడం అతని పని కాదు. నాకు పందొమ్మిదేళ్ళు నేర్పింది అదొక్కటే.

"మేడమ్," అన్నాను. "ఇటు చూడండి."

ఆవిడ చూసింది. "ఫోటో," అంది. ఫోటోగ్రాఫరు నొక్కాడు. నా చెయ్యి కాలిపర్ తీసుకుని పెదవి దగ్గరికి వెళ్ళింది. నోటి కొసల మధ్య తేడా పదకొండు మిల్లీమీటర్లు. బయటికి చదివాను. అప్పటికి అతని నవ్వు ఆగిపోయింది. తెర అవతల శేషు, అటెండరు ఇంకా గేదె సంగతి మీదే గట్టిగా నవ్వుకుంటున్నారు.

వీరభద్రం మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశాడు. "అది లెక్కలోకి రాదు కదండీ," అన్నాడు. "అది కావాలని నవ్వింది కాదు."

"అందుకే లెక్కలోకి వస్తుంది," అంది డాక్టరమ్మ. గొంతులో కోపం లేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నొక్కుకుంది. "ఇన్నాళ్ళూ ఎలా ఆపుకున్నారండీ?"

 ఆవిడ రాసింది కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, మళ్ళీ రాసింది. ముఖానికి శాశ్వత వికృతి. తీవ్ర గాయం. పెన్ను చప్పుడు ఆగేదాకా అతను కాగితాన్నే చూశాడు. తర్వాత లేచి, నా పక్కకి వచ్చి, బాగా గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, ఒక్క సాయం చెయ్యండి. వాడు చెప్పిన కబురు వల్లే ఇది బయటపడిందని వాడికి తెలియనివ్వకండి."

"నేను చెప్పను," అన్నాను.

"ఆ అటెండరు గారికి కూడా చెప్పండి."

"చెప్తాను."

మామూలుగా చుక్కలు స్పిరిట్ దూదితో తుడిచి పంపుతాను. దూది అందుకునేలోపు అతను తెర తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషి వచ్చి కూర్చున్నాడు. ముక్కు మీద మచ్చ. పౌడరు రాసుకుని ఉన్నాడు. తుడిచాను, కొలిచాను, అంకె చెప్పాను. ఆ రోజు ఇంకా ఏడుగురున్నారు.

తీర్పులు మా గదికి రావు. పంపిన కాగితం ఎవరి జీవితంలో ఏం చేసిందో మాకు ఎవరూ చెప్పరు. ఒకసారి కోర్టు కానిస్టేబుల్ని అడగబోయి మానేశాను. తర్వాతి మే నెలలో నా కాంట్రాక్టు ముగిసింది. పొడిగిస్తామన్నారు. వద్దన్నాను. అల్యూమినియం డబ్బా అప్పగించాను. గళ్ళ షీటు తర్వాత వచ్చినవాడికి ఇచ్చి, సగం గడి సంగతి చెప్పాను. డాక్టరమ్మ టీ తెప్పించింది. "మీరు ఆ రోజు పిలవకపోయినా నేను ఇంకోసారి నవ్వించేదాన్నే, హవల్దారు గారూ," అంది. నిజమో, నా కోసం అన్నదో తెలియదు. మధ్యాహ్నం బస్సుకి మా ఊరొచ్చాను. రెండు ఎకరాల చెరుకు, ఒక గది, ఒక వసారా. మా ఆవిడ మొహం ఇప్పుడు మామూలుగానే చూస్తున్నాను. ఆవిడ అలాగే అంటోంది.

ఊళ్ళోవాళ్ళు సరిహద్దు గురించి అడిగినప్పుడల్లా మంచు గురించి చెబుతాను. చెబుతున్నంతసేపూ నాకు కనిపించేది వేరు. ఆ బుధవారం, ముక్కు మీద మచ్చ ఉన్న మనిషి లేచి వెళ్ళాక, కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూశాను. పెరట్లో కుళాయి దగ్గర ఇద్దరూ ఉన్నారు. వీరభద్రం గట్టు మీద కూర్చుని, ఎడమ చెంప పైకెత్తి పెట్టాడు. శేషు తన తువ్వాలు కొస తడిపి, అన్న గడ్డం ఒక చేత్తో పట్టుకుని, ఊదారంగు చుక్కల్ని ఒకటొకటే రుద్దుతున్నాడు.

"ఏం రాశారన్నా?" అన్నాడు.

"చిన్నదనే రాశార్రా," అన్నాడు వీరభద్రం, పెదాలు కదపకుండా.

శేషు తల ఊపాడు. ఆ రంగు అంత తేలిగ్గా పోదు. తువ్వాలు మళ్ళీ తడిపాడు. నొప్పి పుడుతుందేమోనని మెల్లగా, అన్న మొహానికి దగ్గరగా వంగి, మచ్చ మీద ఉఫ్ అని ఊదుతూ తుడుస్తూనే ఉన్నాడు.